సువార్తమ్మ చెయ్యి

డాక్టర్ రజియా ఇంకా నోరు తెరవలేదు. బల్ల మీద మత్తులో ఉన్న పెద్దాయనకి పిత్తాశయం తీసేసి, లోపల కుట్టు వేయడానికి ఆమె కుడిచెయ్యి పక్కకి చాపింది, అంతే. ఆలోగానే వీరవేణి చెయ్యి ట్రే మీదకి వెళ్లి, వంకర సూదిని నీడిల్ హోల్డర్ దవడల మధ్య బిగించి, పిడి అటు తిప్పి, డాక్టరు అరచేతిలో టప్పున పెట్టేసింది. పెట్టాక గానీ తను ఏం పెట్టిందో వీరవేణికి తెలియలేదు.

రజియా తలెత్తకుండానే కుట్టు వేసుకుపోయింది. వీరవేణి మాత్రం తన చేతినే చూసుకుంది. థియేటర్‌లో అడుగుపెట్టి అది మూడో రోజు. మూడో రోజున ఎవరైనా చేసే పని చేతిలో ఉన్న కత్తెర కింద పడేసి తిట్లు తినడం.

ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్ అంటే చాలామందికి తెలియదు. కోసేది డాక్టరు, మత్తిచ్చేది ఇంకో డాక్టరు, బయటికి వచ్చి బంధువులకి కబురు చెప్పేది నర్సు. ఈ టెక్నీషియన్ ఎవరంటే, డాక్టరు కళ్లు కోత మీంచి లేవకుండా కావలసినదాన్ని అడక్కముందే అందించే మనిషి. నలభై రకాల పనిముట్లు, వాటి వరస, ఏ డాక్టరుకి ఏది ఏ క్షణాన కావాలో, ఇవన్నీ పుస్తకంలో చదివితే రావు. చేతికెక్కాలి. అందుకు అయిదేళ్లు పడుతుందని అనుభవమున్నవాళ్లు అంటారు. అంబాజీపేట పక్క పల్లెలో కొబ్బరికాయలు లెక్కపెట్టే నూకరాజు కూతురు వీరవేణి, రెండేళ్ల డిప్లొమా పూర్తిచేసి రాజమండ్రిలో ఈ ఆసుపత్రికి వచ్చినప్పుడు ఆ అయిదేళ్లూ కష్టపడాలనే అనుకుంది. కానీ అక్కడ ఆమె చేతికి ఒక తొడుగు వేశారు.

దాని పేరు ఒరవడి. పలక మీద పెద్దలు రాసిపెట్టిన అక్షరం మీదే పిల్లలు బలపంతో దిద్దుతారు చూశారా, అలాంటిదే. పేరు పెట్టినది దాన్ని తయారుచేసిన డాక్టర్ కమలాకర్. ఆయన మందు రాసే డాక్టరు కాదు, చదువు డాక్టరు. వేలికొసల నుంచి మోచేతిదాకా ఉల్లిపొరలా అంటుకుపోయే ఆ తొడుగు మీద మామూలు గ్లౌజు వేసుకుంటారు. పని మొదలవగానే అది కండరాలని సన్నగా తడుతుంది. ఆరితేరిన ఒక టెక్నీషియన్ చెయ్యి ఎలా కదిలేదో అలా ఈ చేతిని కదిలిస్తుంది. నలభై రోజులు దిద్దితే నరాలకి అలవాటైపోయి, ఆపైన తొడుగు తీసేసినా చెయ్యి మరిచిపోదట. మూడు ఆసుపత్రుల్లో పద్నాలుగుమంది కొత్తవాళ్లు దాంతో నేర్చుకుంటున్నారు. పద్నాలుగుమందికీ చెయ్యి ఒక్కరిదే.

ఆ ఒక్కరూ కింద అంతస్తులో స్టెరిలైజింగ్ గదిలో గుడ్డలు మడతపెడుతున్నారు. పేరు సువార్తమ్మ. యాభై ఎనిమిదేళ్లు. ముప్పై ఒక్క సంవత్సరాలు థియేటర్‌లో నిలబడ్డ మనిషి.

చూడాలని ఆశపడి వీరవేణి నాలుగో రోజే వెళ్లింది. వెళ్లేసరికి ఆమె ఊడిన జాకెట్టు హుక్కు కుట్టుకుందామని సూదిలో దారం ఎక్కిస్తోంది. కాదు, ఎక్కించాలని చూస్తోంది. దారం సూది బెజ్జం పక్కనుంచి పోతోంది, మళ్లీ పోతోంది. ఒరవడి కోసం పదకొండు నెలలపాటు ఆమె చేతి నుంచి ప్రతి కదలికనీ వేలసార్లు చదివి రాసుకున్నారు. చదివే కరెంటు నరాల్లోకి ఎదురెక్కి ఎదురెక్కి, చివరికి ఆ నేర్పంతా చేతిలోంచి చెరిగిపోయింది. అన్నం కలుపుకోగలదు, జడ వేసుకోగలదు. సూది పట్టుకోలేదు. ఇలా జరిగే అవకాశం ఉందని కాగితం మీద ముందే రాశారు, ఆమె చదివే సంతకం పెట్టింది. ఎలాగూ రెండేళ్లలో రిటైరయ్యే మనిషేగా అని పైవాళ్లు సరిపెట్టుకున్నారు.

వీరవేణి దారం ఎక్కించి ఇచ్చింది. ఎక్కించింది ఎవరి చెయ్యో ఇద్దరికీ తెలుసు. సువార్తమ్మే ముందు నవ్వింది. తను పోయాక కూడా తన చెయ్యి పదిచోట్ల పనిచేస్తుందని ఇచ్చానని, బాధ లేదని చెప్పింది. బాధ లేదని రెండుసార్లు చెప్పింది.

ఆ తర్వాత రోజులు చకచకా నడిచిపోయాయి. వీరవేణి గాలిలో తేలిపోతున్నట్టుండేది. ఇంతటి పనిమంతురాలు ఇంత చిన్న వయసులో దొరకడం అదృష్టమని రజియా పదిమందిలో అంది. ఒక్క లెక్క దగ్గరే వీరవేణికి చిన్న నలుసు ఉండేది.

కడుపు తెరిచినప్పుడు రక్తం అద్దడానికి మాపులనే గుడ్డలు వాడతారు. కట్టకి పది. లోపలికి ఎన్ని వెళ్లాయో, కుట్టేముందు అన్నీ బయటికి రావాలి. పూర్వం టెక్నీషియన్ ఒక్కొక్కటీ వేరుచేస్తూ పైకి లెక్కపెడితే, ఎదురుగా నిలబడ్డ ఫ్లోర్ నర్సు కూడా గొంతు కలిపేది. ఒరవడి వచ్చాక రెండో గొంతు అక్కర్లేదన్నారు. బొటనవేలు మాపుని తాకినప్పుడల్లా తొడుగే లెక్కపెట్టుకుని గోడమీది బోర్డులో అంకె చూపిస్తుంది. వీరవేణి లెక్కపెడితే ఆ బోర్డు మీద ప్రతిసారీ పదకొండు వచ్చేది. పది ఉండవలసిన చోట పదకొండు. కంగారుపడి, ఒక్కోదాన్నీ కళ్లతో చూస్తూ నిదానంగా మళ్లీ లెక్కపెడితే పదే వచ్చేది. చెయ్యి తడబడిందనుకుని, ఎవరికీ చెప్పకుండా ఊరుకుంది. కొత్త ఉద్యోగంలో తప్పులు చాటుకుని తిరిగేవాళ్లు ఎవరుంటారు?

ముప్పయ్యో రోజున ధవళేశ్వరంలో చేపలమ్మే గంగరత్నానికి పేగు మెలికపడితే ఆపరేషన్ చేశారు. మూడున్నర గంటల పని. కుట్టేముందు వీరవేణి లెక్కపెట్టింది. బోర్డు మీద పది. మొట్టమొదటిసారి, మళ్లీ చూసుకోనక్కర్లేకుండా పది. ఆమెకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. లెక్క కాగితం మీద సంతకం పెట్టి, చెయ్యి ఇప్పటికి కుదురుకుందని కమలాకర్‌కి చెబితే ఆయన కూడా సంతోషపడ్డాడు.

మూడు రోజులకి గంగరత్నానికి జ్వరం వచ్చింది. మందులు మార్చారు. అయిదో రోజుకీ తగ్గలేదు. ఎనిమిదో నెల చూలాలైన కూతురు నాగమణి మంచం పక్కనే స్టూలు మీద కూర్చుని తల్లి నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ ఉండేది. వీరవేణి రోజూ ఓసారి వెళ్లి పలకరించి వచ్చేది. జ్వరం ఎందుకు తగ్గడం లేదో ఆమెకీ అర్థం కాలేదు.

ఆ ఆదివారం ఇంటికి వెళ్లింది. తల్లి లక్ష్మీకాంతం బెండకాయలు కోయమని కత్తిపీట బదులు చాకు ఇచ్చింది, పెద్ద చదువు చదువుకున్న పిల్ల కదా అని. ఒక్కో కాయా కోయగానే వీరవేణి చెయ్యి చాకుని గుడ్డకి తుడిచి, పిడి తల్లివైపు ఉండేలా పక్కన పడుకోబెట్టింది. తల్లి కాసేపు వింతగా చూసి, ఇది మా పిల్ల చెయ్యి కాదు అంది. వేళాకోళానికే అంది గానీ వీరవేణికి ఎక్కడో గుచ్చుకుంది. టీ గ్లాసు పట్టుకుని తండ్రి దగ్గరికి వెళ్లిపోయింది.

నూకరాజు కాయల రాశి ముందు గొంతుక్కూర్చున్నాడు. ఈ రాశిలోంచి తీసి ఆ రాశిలోకి విసురుతూ లెక్కపెడుతున్నాడు. "లాభం, రెండు, మూడు..." ఒకటికి లాభమనడం కొలతలవాళ్ల ఆనవాయితీ. పుట్టినప్పట్నుంచి వింటున్న లెక్కే. వినడమే గానీ ఎప్పుడూ ఆయన చెయ్యి చూడలేదు. ఇప్పుడు చేతులతో పనిచేసే మనిషి కాబట్టి చేతినే చూసింది.

"అయిదు, ఆరు, ఆరున్నొక్కటి, ఎనిమిది..."

ఏడు అనరు. ఏడు అంటే ఏడవమన్నట్టే గదా, పని దగ్గర ఆ మాట రాకూడదు. ఆరున్నొక్కటి అంటారు. మాట పొడుగు కాబట్టి తండ్రి చెయ్యి కూడా ఆ కాయ దగ్గర సాగింది. ఆరు అన్నప్పుడు కాయని ఓసారి తాకింది, ఒక్కటి అన్నప్పుడు రెండోసారి తాకి ఎత్తింది. ఒకే కాయకి రెండు తాకుళ్లు.

వీరవేణి టీ గ్లాసు కింద పెట్టేసింది. అక్కడే నిలబడి సువార్తమ్మకి ఫోన్ చేసింది. మాపులు ఎలా లెక్కపెట్టేవారని అడిగింది. ఇంగ్లీషులోనే, వన్, టూ అని, థియేటర్‌లో అందరూ అలాగేగా అంది సువార్తమ్మ.

"పైకి కాదండీ. మనసులో ఎలా లెక్కపెట్టేవారు?"

"మనసులోనా? మనసులో మా అయ్య లెక్కేనే పిల్లా. కళ్లంలో ధాన్యం కొలిచేవోడు మా అయ్య. పైకి సెవెనన్నా లోపల ఆరున్నొక్కటే. బల్ల మీద మనిషిని పడుకోబెట్టుకుని ఏడంటే ఎలాగమ్మా?"

చిక్కంతా ఒక్కసారి విడిపోయింది. ఆ చెయ్యి ఏడో మాపుని రెండుసార్లు తాకుతుంది. తొడుగు దాన్ని రెండుగా లెక్కవేసుకుంటుంది. పది ఉంటే పదకొండంటుంది. ఎక్కువొస్తే ఎవరైనా మళ్లీ లెక్కపెడతారు, అప్పుడు కళ్లు చేతిని అదుపులో పెడతాయి, లెక్క సర్దుకుంటుంది. కానీ తొమ్మిదే ఉంటే? పదంటుంది. సరిపోయిన లెక్కని మళ్లీ ఎవరూ లెక్కపెట్టరు. తను గంతెయ్యాలనుకున్న ఆ ఒక్కరోజే లెక్క తప్పిందన్నమాట. పదో మాపు గంగరత్నం కడుపులో ఉంది.

రావులపాలెం మీదుగా బస్సు వెళ్తున్నంతసేపూ వీరవేణి ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చుంది. కాగితం మీద సంతకం తనది. రెండు నెలలైనా నిండని ఉద్యోగం. ఊళ్లో వాళ్ల నాన్న ఎవరు కనబడినా, మా అమ్మాయి ఆపరేషన్లు చేయిస్తుందని చెప్పుకుంటాడు. పైగా, ఇది బయటపడితే ఒరవడి మూలపడుతుంది, సువార్తమ్మ చెయ్యి ఊరికే పోయినట్టవుతుంది. జ్వరం రేపటికి తగ్గిపోతుందేమో అన్న ఆలోచన కూడా రాకపోలేదు. వచ్చినందుకు తనని తనే అసహ్యించుకుంది. గోదావరి వంతెన దాటేలోగా రజియాకి ఫోన్ చేసి, ఆసుపత్రికి రమ్మని బతిమాలింది.

కమలాకర్ కూడా వచ్చాడు. కంప్యూటర్‌లో ఆనాటి లెక్క తీసి చూపించాడు. పది వెళ్లాయి, పది వచ్చాయి. లెక్క సరిపోయింది కదమ్మా అన్నాడు ఓపిగ్గా.

"సరిపోవడమే తప్పండి," అంది వీరవేణి. "నాకు ఏనాడూ మొదటిసారి సరిపోలేదు. చెప్పడానికి సిగ్గేసి చెప్పలేదు."

ఆమె బీరువాలోంచి చేతిగుడ్డలు తొమ్మిది తీసి బల్లమీద పేర్చింది. తొడుగు వేసుకుంది. కళ్లు కిటికీ వైపు తిప్పుకుని, చేతిని దాని మానాన వదిలేసి లెక్కపెట్టింది. బోర్డు మీద పది వెలిగింది. కమలాకర్ గుడ్డల్ని తన చేత్తో లెక్కపెట్టుకున్నాడు. తొమ్మిది. మళ్లీ లెక్కపెట్టుకున్నాడు. అప్పుడు జరిగింది ఆయనే చెప్పాడు. సువార్తమ్మ చేతిని రాసుకునేటప్పుడు గొంతు వినే లెక్క సరిచూశారట, వేలి తాకుళ్లు ఎవరూ చూడలేదట. గొంతు సెవెన్ అనే అంది కదా మరి.

రజియా ఇదంతా పూర్తిగా వినలేదు. తొమ్మిదో గుడ్డ దగ్గరే లేచి ఎక్స్‌రే తీయించడానికి వెళ్లిపోయింది. మాపులో ఎక్స్‌రేకి కనబడే దారం ఒకటి కుట్టి ఉంటుంది. ఫొటోలో ఆ దారం, పేగుల వెనక, వంకరగా, తెల్లగా కనబడింది.

గంటలోపలే గంగరత్నాన్ని మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లారు. వీరవేణిని లోపలికి రానివ్వలేదు. ఇంకో సీనియర్ టెక్నీషియన్‌ని పిలిపించి, ఎదురుగా గొంతు కలపడానికి సువార్తమ్మని నిలబెట్టుకుంది రజియా. వీరవేణి బయట బెంచీ మీద నాగమణి పక్కన కూర్చుంది. మీ అమ్మ కడుపులో గుడ్డ ఉండిపోయిందని, లెక్క తప్పింది తన దగ్గరేనని ఆమెకి తనే చెప్పింది. నాగమణి లేచి వెళ్లి దూరంగా ఇంకో బెంచీ మీద కూర్చుంది. ఆ గంటన్నరా వీరవేణి బతుకులో అన్నిటికన్నా పొడుగైన గంటన్నర.

మాపు బయటికి వచ్చింది. రెండో రోజుకి జ్వరం దిగింది.

తర్వాత విచారణలు మొదలయ్యాయి. పద్నాలుగుమందినీ పిలిచి అడిగితే పద్నాలుగుమందికీ పదకొండు వస్తున్నట్టు తేలింది. పద్నాలుగుమందీ దాచారు, ఎవరికి వాళ్లు తమ చేతిదే లోపమనుకుని. ఒరవడితో ఆపరేషన్లయిన వాళ్లందర్నీ పిలిచి ఎక్స్‌రేలు తీశారు. ఇంకెవరి కడుపులోనూ ఏమీ లేదు. రెండో గొంతు తీసేయించింది తనేనని కమలాకర్ కమిటీ ముందు ఒప్పుకుని, తొడుగులన్నిటినీ బీరువాలో పెట్టించి తాళం వేయించాడు. అయినా కాగితం మీద సంతకం కాగితం మీద సంతకమే. వీరవేణిని థియేటర్ నుంచి తప్పించే విషయం గంగరత్నం వాంగ్మూలం తీసుకున్నాక తేలుస్తామన్నారు.

నలభై రోజులు నిండకుండా తీసేసిన ఒరవడి సగంలో ఆరిపోయింది. వీరవేణి చేతిలో సూది జారిపోవడం మొదలైంది. ఏం చేయాలో తోచక స్టెరిలైజింగ్ గదికి వెళ్లి ఏడ్చింది. మీ చెయ్యి వృథా చేశాను అంది.

సువార్తమ్మ గుడ్డ మడత ఆపలేదు. ఆమె కూడా రెండు రాత్రులుగా నిద్రపోలేదని కళ్లే చెబుతున్నాయి. "నేనిచ్చింది చెయ్యే గానీ బుర్ర ఇవ్వలేదుగా. నా దగ్గర ఉన్నన్నాళ్లూ ఆ చేతికి తప్పు రాలేదు, ఎందుకంటే దాని పక్కన నేనున్నాను," అంది. తర్వాత గుడ్డ పక్కన పెట్టి, పాత సూదులు, ఒక నీడిల్ హోల్డర్, స్పాంజి ముక్క బల్ల మీద వేసింది. "రా. చెయ్యి పోయినా చూపు పోలేదు నాకు. నువ్వు చెయ్యి, నేను చెప్తాను."

అప్పట్నుంచి మధ్యాహ్నాలు అన్నం వేళ ఇద్దరూ అక్కడే. ఎందుకలా పట్టుకోవాలో, ఎక్కడ బిగించాలో, రజియా మణికట్టు ఎటు వాలితే ఏం అడగబోతోందో, తొడుగు ఎన్నడూ చెప్పని కారణాలన్నీ సువార్తమ్మ చెప్పేది. చెబుతూ చెబుతూ మధ్యలో తనూ పట్టుకుని చూసేది. మొదటి వారం ఇద్దరికీ జారిపోయింది. రెండో వారంలో ఒకరోజు ముందుగా సూది నిలిచింది సువార్తమ్మ చేతిలో. ఆమె దాన్ని చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది. కమలాకర్ గుమ్మంలోంచి చూసి, లోపలికి వచ్చే ధైర్యం చాలక వెనక్కి వెళ్లాడు. మర్నాడు వచ్చి, ఏమేం చేస్తున్నారో రాసుకోనిస్తారా అని అడిగాడు. ఈసారి కాగితం, పెన్ను తెచ్చుకున్నాడు.

గంగరత్నం వాంగ్మూలం రోజు రానే వచ్చింది. కమిటీ పెద్దాయన ఫైలు విప్పుకుని ఆమె మంచం దగ్గర కుర్చీ వేసుకున్నాడు. రజియా, నాగమణి పక్కన నిలబడ్డారు. వీరవేణిని గోడవారన నిలబెట్టారు. గంగరత్నం చిక్కిపోయింది గానీ గొంతు మాత్రం చేపల బజారు గొంతే.

"నా కడుపులో గుడ్డ వదిలేసింది ఈ పిల్లేనా?"

ఆయ్, నేనేనండి అంది వీరవేణి. తలెత్తలేకపోయింది.

"మరి ఉందని చెప్పిందెవరు?"

ఈ పిల్లేనని రజియా చెప్పింది. ఎవరూ అడక్కుండానే, ఆదివారం బస్సెక్కి వచ్చి మరీ చెప్పిందని చెప్పింది. గంగరత్నం కూతురు ముఖంలోకి చూసింది. నాగమణి అవునన్నట్టు తలూపింది.

"అయితే రాసుకోండి బాబూ. మా నాగమణికి కాన్పుకి పెద్దాపరేషనే చెయ్యాలన్నారు. ఆ వేళకి లోపల ఈ పిల్ల ఉండాలి. ఉంటేనే మేం సంతకం పెడతాం. నా కడుపులో ఉన్నది నాకు చెప్పే మనిషి కావాలి నాకు."

పెద్దాయన ఫైల్లో ఇలాంటి మాట రాయడానికి గడి లేదు. ఆయన వెతికాడు, దొరకలేదు. చివరికి అంచులో ఖాళీ ఉన్నచోట, ఆమె అన్నది అన్నట్టే రాశాడు.

వీరవేణి గోడ వదిలి ముందుకి వచ్చింది. నాగమణి దగ్గరికి వెళ్లి, ఆపరేషన్ ఎప్పుడన్నారని మెల్లిగా అడిగింది. ఇరవై ఆరు రోజులుందంది నాగమణి. ఇరవై ఆరు రోజులు. సూది బిగించడం అప్పటికి వీరవేణికి పదింటికి ఆరుసార్లే కుదురుతోంది, అదీ తన సొంత చేత్తో. గోడ గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. ఆమె మెట్ల మీంచి స్టెరిలైజింగ్ గదికి పరుగెత్తింది.